జార్జి కోటను ఒక్క పూటలో సరిగ్గా చూడటం ఎలా

చెన్నై వెళ్ళొచ్చిన మనవాళ్ళని జార్జి కోట చూశారా అని అడిగితే, చూశామండీ, మ్యూజియంలో కత్తులూ తుపాకులూ ఉన్నాయి, గోల్కొండ చూసిన కళ్ళకి అదేం ఆనలేదు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. తప్పు కోటది కాదు, చూడాల్సిన వరసలో చూడకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది. గోల్కొండలో కొండెక్కుతుంటేనే కోట అంటే ఏంటో కాళ్ళకి తెలిసిపోతుంది. జార్జి కోట నేలబారుగా ఉంటుంది, చుట్టూ ఆఫీసులు, కార్లు, పోలీసు బందోబస్తు, పక్కన చెప్పే మనిషి లేకపోతే ఏది 300 ఏళ్ళ నాటిదో ఏది మొన్న కట్టిందో కూడా పోల్చుకోలేం.

మాది నెల్లూరు వైపు, ఉద్యోగం చెన్నైలో. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ ఈ కోటకి తీసుకెళ్ళి తీసుకెళ్ళి, ఏ వరసలో చూపిస్తే విసుగు రాకుండా కథ అర్థమవుతుందో నాకు బాగా తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క కిటుకు చెప్తాను, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. ఈ కోటలో ఏ వస్తువు ముందు నిలబడినా, ఇది ఇంతకుముందు ఎక్కడుండేది అని అడగండి. స్తంభాలు, సమాధి రాళ్ళు, విగ్రహం, దీపం, చివరికి సముద్రం, నది కూడా ఇక్కడ ఉన్నచోట ఉండలేదు. ఎందుకు కదిలాయో తెలుసుకుంటూ పోతే, తేదీలు బట్టీ పట్టకుండానే చరిత్ర తలకెక్కుతుంది.

బయల్దేరే ముందు రోజు సంగతి. మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. నేను మొదటిసారి మా మామగారిని తీసుకెళ్ళింది శుక్రవారం నాడే, ఆయన గుత్తి దగ్గర పల్లె నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మనిషి, తలుపు దగ్గర నుంచి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థనలు ఉంటాయి, ఆ సమయంలో చూడ్డానికి వెళ్ళడం మర్యాద కాదు. మామూలు రోజుల్లో సెక్రటేరియట్ రద్దీ, అసెంబ్లీ జరుగుతుంటే ఇంకా కట్టుదిట్టం. అందుకని నా లెక్కలో శనివారం పొద్దున మేలు. ఒరిజినల్ ఆధార్ కార్డు జేబులో ఉండాలి, గేటు దగ్గర సోదా ఉంటుంది కాబట్టి పెద్ద బ్యాగులు వద్దు. లోపల కొంత భాగం సైన్యం చేతిలో ఉంది, ఎక్కడపడితే అక్కడ ఫోన్ తీసి ఫోటోలు కొట్టకుండా ముందు అక్కడున్నవాళ్ళని అడగండి. నీళ్ళ సీసా, టోపీ, మెత్తటి చెప్పులు. తొమ్మిదికల్లా అక్కడ ఉంటే ఎండ ముదిరేలోపు బయట చూడాల్సినవన్నీ అయిపోతాయి.

ఇంటి దగ్గరే పిల్లలకి నాలుగు సంవత్సరాలు చెప్పి ఉంచండి, చాలు. 1639 స్థలం దొరికిన ఏడు. 1746 ఫ్రెంచివాళ్ళు కోటని పట్టుకున్న ఏడు. 1759 మళ్ళీ పట్టుకోబోయి వెనుదిరిగిన ఏడు. 1783 కోటకి ఇప్పుడున్న రూపం పూర్తయిన ఏడు.

ఇందులో 1639 కథ మనదే. ఇంగ్లీషువాళ్ళు బట్టల వ్యాపారం కోసం మచిలీపట్నంలో 1611లోనే దిగారు. తర్వాత దక్షిణంగా ఇంకో చోటు కావాలని ఇప్పటి తిరుపతి జిల్లా వాకాడు దగ్గరున్న దుగరాజపట్నంలో మకాం పెట్టారు, వాళ్ళ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ పొసగలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే తీరం వెంబడి కిందికి వెళ్ళి, రెండు చిన్న నదుల మధ్యనున్న మదరాసపట్నం అనే ఊరి దగ్గర ఇసుక నేల చూసుకున్నాడు. ఆ సీమ చంద్రగిరి రాయల కింద ఉన్న దామర్ల వెంకటప్ప నాయకుడిది. ఆయన ఇచ్చిన అనుమతి మీదే కోట లేచింది. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద ఊరు చెన్నపట్నం అయింది. డే వెంట దుబాషీగా నిలిచి బేరసారాలు నడిపించిన బేరి తిమ్మన్న కూడా తెలుగు వర్తకుడే. 1640 ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం పెద్ద ఆండ్రూ కోగన్ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి దిగారు. ఏప్రిల్ 23 సెయింట్ జార్జి పండుగ, కోటకి ఆ పేరే పెట్టుకున్నారు. అంటే మన తీరం నుంచి లేచిన మకామే ఈ కోట, ఇక్కడ కదిలి వచ్చినవాటిలో మొదటిది అదే.

మీరు సెంట్రల్ స్టేషన్‌లో దిగితే కోట దగ్గరే. కానీ నేరుగా వెళ్ళకండి, ఆటో అతనితో మన్రో విగ్రహం మీదుగా పోనివ్వమనండి. కాస్త చుట్టు, అయినా పర్వాలేదు. ఐలాండ్ మైదానం పక్కన రోడ్డు మధ్యలో ఎత్తైన దిమ్మె మీద గుర్రం ఎక్కిన దొర ఉంటాడు, గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి పేరు ఫ్రాన్సిస్ చాంట్రీ, 1839లో నిలబెట్టారు. మన్రో అన్న పేరు గుర్తుపెట్టుకుని ముందుకెళ్ళండి, ఈ దొరతో మనకి లోపల పని ఉంది.

కోట దగ్గరికొచ్చాక కూడా వెంటనే లోపలికి వెళ్ళిపోకండి. ముందు పడమటి వైపు గోడని బయటి నుంచి చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. గోడ ఎత్తు సుమారు 20 అడుగులే. కొండవీడు, గోల్కొండ చూసినవాళ్ళకి ఇదేం కోట అనిపిస్తుంది. మన పాత కోటలు నిచ్చెన వేసుకుని ఎక్కే మనిషిని ఆపడానికి కట్టినవి, కాబట్టి ఎత్తు కావాలి. ఇది ఫిరంగి గుండుని ఆపడానికి కట్టింది. ఎత్తైన గోడకి గుండు తగిలితే పైభాగం కూలి అగడ్తలో పడుతుంది, ఆ రాళ్ళ గుట్టే శత్రువుకి మెట్లవుతుంది. పొట్టిగా, లావుగా కట్టి, ఇటుక గోడ వెనక మట్టి దట్టించి ఉంచితే గుండు మట్టిలో దిగబడిపోతుంది. అగడ్త గట్టు మీద నిలబడి చూస్తే గోడ అసలు భాగం సగం నేల కిందే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి, బురుజుల ఆకారం. మన బురుజులు గుండ్రం. ఇవి బాణం ములికిలా కోసుగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. గుండ్రటి బురుజు మొదట్లో, గోడకి ఆనుకుని నిలబడ్డవాడు పైనున్న ఫిరంగికి కనబడడు. కోసు బురుజుకైతే అలాంటి చాటు ఉండదు, దీని రెండు పక్కలూ పక్క బురుజు మీదున్న ఫిరంగికి సూటిగా అందుతాయి. పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఒకర్ని బురుజు మలుపు దగ్గర దాక్కోమని, ఇంకొకర్ని దూరంగా పక్క బురుజు ఎదుట నిలబడి కనబడుతున్నాడేమో చెప్పమనండి. నేను మా పిల్లలతో ఈ ఆట ఆడించాను, పుస్తకంలో పది పేజీలు చదివినా రానిది అయిదు నిమిషాల్లో అర్థమైపోయింది వాళ్ళకి.

కోట నక్షా ఒకటి ఫోన్లో పైనుంచి చూడండి. తూర్పున సముద్రం వైపు దాదాపు తిన్నగా ఉంటుంది, పడమర వైపు కోణాలు కోణాలుగా విచ్చుకుంటుంది. మొదటి కోట ఇంత లేదు, నాలుగు మూలలా నాలుగు బురుజులున్న చిన్న చదరం. దాని చుట్టూ తెల్లవాళ్ళ ఇళ్ళు, వాటి చుట్టూ ఇంకో గోడ, ఉత్తరాన మనవాళ్ళ పేటలు. 1746 సెప్టెంబరులో లా బోర్డొనే అనే ఫ్రెంచి సేనాని ఓడలతో వచ్చి గుండ్లు కురిపిస్తే ఆ కోట కొద్ది రోజులే నిలిచింది. మూడేళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండి, యూరప్‌లో కుదిరిన ఒప్పందం వల్ల 1749లో తిరిగొచ్చింది. ఆ దెబ్బతో ఇంగ్లీషువాళ్ళకి బుద్ధి తెలిసింది. కొత్త కోట గీయడానికి బెంజమిన్ రాబిన్స్‌ని రప్పించారు, ఫిరంగి గుండు ఎంత వేగంతో పోతుందో కొలిచే పద్ధతి కనిపెట్టిన లెక్కల పండితుడు ఆయన. వచ్చిన ఏడాదికే 1751లో కడలూరు దగ్గరి కోటలో చనిపోయాడు. తర్వాత వచ్చిన ఇంజనీర్లు పని సాగించారు. పడమటి గోడని ఆనుకుని పారే నదిని పక్కకి మళ్ళించి, పాత నది పల్లం పూడ్చి, దాని మీదికి కోటని పెంచారు. మీరు లోపలికి వెళ్ళాక పడమటి సగంలో నడిస్తే ఒకప్పటి నదీ తీరంలో నడిచినట్టే.

అలాగే చుట్టూ తిరిగి తూర్పున రాజాజీ సాలై వైపుకి వచ్చేయండి, మామూలు జనం లోపలికి వెళ్ళేది ఇటు నుంచే. దీన్ని సీ గేట్ అంటారు, సముద్ర ద్వారం. ద్వారం ముందు బస్సులు పోతుంటాయి, సముద్రం కనబడదు. ఒకప్పుడు అలలు దాదాపు ఈ గోడ మొదటి దాకా వచ్చేవి. 1870లలో ఉత్తరాన హార్బరు గోడలు సముద్రంలోకి కట్టడం మొదలయ్యాక ఇసుక మేట వేసి తీరం వెనక్కి జరిగింది, అంత పెద్ద మెరీనా బీచి అయిందీ ఆ ఇసుకతోనే. హార్బరు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చేది మసూలా పడవలే. వాటి పలకలకి మేకులు ఉండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలు. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ అలల్లో ఇసుకకి కొట్టుకుని పగిలిపోయేది, కుట్టిన పడవ కాస్త వంగి మళ్ళీ సర్దుకునేది. గవర్నర్లూ క్లైవులూ అందరూ ఈ తీరంలో అడుగుపెట్టింది మన పల్లెకారుల పడవల్లో వచ్చే. ద్వారం దగ్గర రెండు నిమిషాలు రోడ్డుకి ఎదురుగా నిలబడి ఆ పడవల్ని ఊహించుకోండి, తర్వాత లోపలికి వెళ్ళండి.

లోపల ఎదురుగా కనిపించే పెద్ద కట్టడం సెక్రటేరియట్, అసెంబ్లీ. సందర్శకుల్ని లోపలికి వదలరు, కాబట్టి బయటి నుంచే ముందు వరసలోని నల్ల స్తంభాలు చూడండి. నున్నగా, నిగనిగలాడుతూ ఉంటాయి. 1732లో గవర్నరు మోర్టన్ పిట్ సముద్ర ద్వారం నుంచి కోట మధ్య భవనం దాకా నీడగా నడిచి రావడానికి వీటితో మండపం కట్టించాడు. 1746లో ఫ్రెంచివాళ్ళు ఊడబెరికి పుదుచ్చేరికి పట్టుకుపోయారు. 1761లో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకుని ఈ స్తంభాల్ని వెనక్కి తెచ్చుకున్నారు. రాయి పల్లావరం కొండలది. అదే జాతి రాయిని కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు అధికారి సమాధికి పంపించారు, భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ ఆ సమాధి రాయిని చూసి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో విశాఖ వైపు కొండల్లోనూ ఈ రాయి ఉంది. పిల్లలు ఎవరైనా జియాలజీ చదువుతుంటే తప్పకుండా చూపించండి.

ఈ సెక్రటేరియట్ కూడా ఒకసారి కదిలింది. 2010లో అసెంబ్లీని ఓమందూరార్ ఎస్టేట్‌లో కట్టిన కొత్త భవనానికి మార్చారు, 2011లో ప్రభుత్వం మారాక మళ్ళీ ఇక్కడికే తెచ్చారు. మన పెద్దవాళ్ళకి మాత్రం ఈ కోట అంటే రాజధాని. పానగల్లు రాజా 1921 నుంచి 1926 దాకా, ప్రకాశం పంతులు గారు 1946లో, ఉమ్మడి మద్రాసు ప్రభుత్వాన్ని నడిపింది ఈ కోట కేంద్రంగానే. మద్రాసు మనదే అని ఊరేగింపులు తీసిన తరం వాళ్ళు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఈ ఊరు లేకుండానే ఏర్పడింది. మా నాన్న ఈ భవనం ముందు నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడి నుంచి చర్చికి. సెయింట్ మేరీస్ చర్చి కట్టడం 1678 మార్చి 25న మొదలై 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. దీనికి కనీసం ముప్పావుగంట పెట్టుకోండి, మిగతాచోట్ల మిగుల్చుకున్నా సరే. లోపలికి వెళ్ళగానే పైకి చూడండి. కప్పు మూడు వరసల సొరంగంలా వంపు తిరిగి ఉంటుంది, దూలాలు లేవు, కలప లేదు. గోడలు 4 అడుగుల మందం, కప్పు 2 అడుగుల మందం. గుండు పడినా కూలకుండా, నిప్పు అంటుకోకుండా కట్టిన చర్చి ఇది. ఆ రోజుల్లో మద్రాసులో గుల్లసున్నం వాడేవారు, సముద్రపు గుల్లల్ని కాల్చి తీసిన సున్నాన్ని నూరి నూరి పూసి రుద్దితే పాలరాయిలా మెరిసేది. పీఠం వెనకున్న క్రీస్తు చివరి విందు చిత్రం 1761లో పుదుచ్చేరి నుంచి వచ్చిందని చెబుతారు. స్తంభాలు అటు పోయి వస్తే, చిత్రం అటు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

ఈ చర్చిలో మొదటి పెళ్ళి 1680 నవంబరు 4న ఎలైహు యేల్‌ది. తర్వాత 1687 నుంచి 1692 దాకా ఇక్కడ గవర్నరు. 1718లో ఆయన అమెరికాలోని ఒక చిన్న కళాశాలకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం పంపితే, సరుకు అమ్మగా 562 పౌన్లు వచ్చాయి, కృతజ్ఞతగా ఆయన పేరు పెట్టుకున్నారు. అదే ఇవాళ్టి యేల్ విశ్వవిద్యాలయం. మనవాళ్ళ పిల్లలకి అక్కడ సీటు వస్తే ఊరంతా మిఠాయిలు పంచుతాం. ఆ పేరు వెనకున్న డబ్బు ఈ తీరంలో సంపాదించిందని, ఆయన ఉన్న రోజుల్లో కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, ఇక్కడి నుంచి బానిసల్ని కూడా ఓడలెక్కించి పంపిందని పిల్లలకి దాచకుండా చెప్పాలి. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్ళి కూడా ఇక్కడే జరిగింది. 1744లో గుమాస్తాగా వచ్చి, 1746లో కోట పడిపోయినప్పుడు మారువేషంలో కడలూరు వైపు పారిపోయిన కుర్రాడు అతను. తర్వాత అతను కాపురమున్న ఇల్లు ఒక ఆర్మేనియన్ వర్తకుడిది, చర్చికి దగ్గర్లోనే క్లైవ్ హౌస్ అనే పేరుతో ఉంది, బయటి నుంచి ఒక చూపు చూస్తే సరిపోతుంది.

ఇప్పుడు విగ్రహం సంగతి. సర్ థామస్ మన్రో ఈ చర్చి నేలలోనే ఉన్నాడు. 1800 నుంచి ఏడేళ్ళు మన దత్త మండలాల కలెక్టరు, రైతు పేరునే నేరుగా పన్ను కట్టే రైతువారీ పద్ధతిని సీమలో స్థిరపరిచింది ఆయనే. గవర్నరుగా ఉంటూ చివరి పర్యటనకని సీమకి వచ్చి, 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. కొన్నేళ్ళ తర్వాత అక్కడి నుంచి తీసి ఇక్కడికి తెచ్చారు. ఈ సంగతి నేను చెప్పేసరికి మా మామగారు, "మన్రో దొర ఈడ ఉండాడా అల్లుడా!" అని అక్కడే ఆగిపోయారు. గుత్తి స్మశానం ఆయన చిన్నప్పుడు మేకలు తోలుకెళ్ళిన దారి. వాళ్ళ ఊరి వైపు మన్రోలప్ప అని పిల్లలకి పేర్లు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, వంగి ఆ రాయి మీది అక్షరాల్ని అరచేత్తో ఒకసారి తడిమి, "మా ఊర్నించే వచ్చినాడు" అన్నారు. ఇంగ్లీషు అక్షరం రాదాయనకి. ఆ రోజు ఆయన చూసినంత శ్రద్ధగా ఆ రాయిని ఇంకెవరూ చూసి ఉండరనిపించింది నాకు.

చర్చి నుంచి బయటికి రాగానే కాళ్ళ కింద చూసుకుని నడవండి. చుట్టూ పరిచిన రాళ్ళన్నీ సమాధి రాళ్ళే. సమాధులు మాత్రం ఇక్కడివి కావు. పాత స్మశానం కోట బయట, ఇప్పటి లా కాలేజీ ఆవరణలో ఉండేది, పెద్ద పెద్ద గోపురాల్లాంటి కట్టడాలతో. 1758 డిసెంబరులో లాలీ అనే ఫ్రెంచి సేనాని ముట్టడికి వచ్చినప్పుడు ఆ సమాధులే అతని సైనికులకి చాటు అయ్యాయి. రెండు నెలలు అలా కొట్టుకున్నాక 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు రావడంతో లాలీ వెనుదిరిగాడు. ఆ తర్వాత ఇంకోసారి చాటు దొరకకూడదని సమాధుల్ని కూల్చి, పేర్లున్న రాళ్ళని మాత్రం తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. హైదర్ అలీ భయం పట్టుకున్న రోజుల్లో కొన్ని రాళ్ళని మళ్ళీ పెకలించి ఫిరంగుల కింద దిమ్మెలుగా వేశారు. 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి ఎక్కడుందో అక్కడివాళ్ళని అడగండి, మన దేశంలో దొరికిన ఇంగ్లీషు శాసనాల్లో అన్నిటికన్నా పాతదంటారు. లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ రాళ్ళు కూడా ఉన్నాయి. పొద్దున్నే ఏటవాలు ఎండలో వెళ్ళమనడానికి ఇదో కారణం, ఎండ నడినెత్తికొస్తే వెలుగు నిట్టనిలువుగా పడి అరిగిన అక్షరాలు అసలు కనిపించవు. రాయి మీద కాసిని నీళ్ళు చల్లితే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. సుద్ద ముక్కతో మాత్రం గీయకండి, రాయి పాడవుతుంది.

ఇక మ్యూజియం. ముందే ఇక్కడికి వచ్చి ఉంటే అన్నీ అద్దాల వెనక పాత సామానులా కనిపించేవి, ఇప్పుడైతే ఒక్కొక్కటీ పలకరిస్తుంది. భవనం 1790లలో వర్తకులు కూర్చుని బేరాలాడుకునే ఎక్స్చేంజి. 1796లో దీని కప్పు మీదే మద్రాసు మొదటి లైట్‌హౌస్ దీపం పెట్టారు. అక్కడి నుంచి దీపం 1840లలో హైకోర్టు ఆవరణలో ఉన్న రాతి స్తంభం మీదికి, 1894లో హైకోర్టు గోపురం మీదికి, 1970లలో మెరీనా మీదికి పోయింది. 1948లో ఈ ఇల్లు మ్యూజియం అయింది.

లోపల కారన్‌వాలిస్ నిలువెత్తు పాలరాతి విగ్రహం ఉంటుంది, థామస్ బ్యాంక్స్ చెక్కింది. మొదట కోట మధ్యలో కవాతు మైదానంలో ఉండేది. అందరూ ముఖం చూసి వెళ్ళిపోతారు, మీరు కింద దిమ్మె మీద చెక్కిన బొమ్మ చూడండి, 1792లో టిప్పు సుల్తాన్ ఇద్దరు కొడుకుల్ని తాకట్టుగా అప్పగిస్తున్న దృశ్యం. ఆ పిల్లలు ఇంకా చిన్నవాళ్ళే. మా చిన్నవాడిది అప్పుడు ఎనిమిదేళ్ళు, వాడు ఆ బొమ్మ దగ్గర నుంచి కదల్లేదు.

అక్కడే ఒక చెక్క బోను ఉంది, పెద్దవాళ్ళు చూసి కోళ్ళ గూడేమో అనుకుంటారు. 1840లో చైనాతో యుద్ధంలో పట్టుబడ్డ ఆన్‌స్ట్రుథర్ అనే మద్రాసు ఫిరంగి దళం అధికారిని అందులో కుక్కి తిప్పారు. నాణేలు, ఆర్కాటు నవాబుల చిత్రాలు, పాత ఉత్తరాలు మీ ఓపికని బట్టి. జెండా మాత్రం వదలొద్దు. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన పట్టు జెండా, వెలుగు తగిలి రంగు పోకుండా మసక దీపాల్లో ఉంచారు. కళ్ళు ఆ మసకకి అలవాటు పడేదాకా ఒక నిమిషం ఊరికే నిలబడండి.

ఒక అపోహ ఉంది, తీర్చేసి వెళ్తాను. సెయింట్ జార్జి కోట కళాశాల అన్న పేరు చూసి, బ్రౌన్ దొర తెలుగు నేర్చుకున్న గది కోటలో ఎక్కడుందని వెతికేవాళ్ళున్నారు. ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి 1812లో పెట్టిన ఆ కళాశాలకి పేరు మాత్రమే కోటది, అది ఉన్నది ఎగ్మూరు వైపు, ఇప్పటి కాలేజ్ రోడ్డు ఆ పేరుతో వచ్చిందే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఎల్లిస్ 1816లో చెప్పింది ఆ కళాశాల పుస్తకంలోనే. 1817లో బ్రౌన్ వచ్చి చేరి వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. దాని కోసం వేరే పూట పెట్టుకోండి.

బయటికొచ్చేసరికి ఒంటిగంట అవుతుంది. ఉత్తరం వైపు ప్యారీస్ కార్నర్ దాకా నడిస్తే భోజనానికి ఇబ్బంది లేదు. ఆ నడకలో ఎడమ చేతి వైపు హైకోర్టు, లా కాలేజీ ఉన్న ఆ పెద్ద ఖాళీలో ఒకప్పుడు తెలుగు నేతపనివాళ్ళూ, వర్తకులూ, దుబాషీలూ ఉన్న పాత పేట ఉండేది. కోట నుంచి ఫిరంగి పేలిస్తే మధ్యలో ఇల్లు అడ్డం రాకూడదని 1750లలో ఇళ్ళన్నీ తీసేసి ఉత్తరానికి పొమ్మన్నారు. బేరి తిమ్మన్న కట్టించిన చెన్నకేశవస్వామి గుడి కూడా అప్పుడే పోయింది. తర్వాత దాన్ని పూల బజారు దగ్గర, పక్కనే చెన్నమల్లీశ్వరుడి గుడితో కలిపి మళ్ళీ కట్టారు. పట్నం కోవెల అంటే ఎవరైనా చూపిస్తారు. మధ్యాహ్నం మూసి ఉంటుంది, అందుకని భోజనం చేసి, కాసేపు ఎక్కడైనా నీడన కూర్చుని, సాయంత్రం తలుపులు తీసే వేళకి వెళ్ళండి. సందు ఇరుకు, పూల బుట్టలు అడ్డంగా ఉంటాయి, ఆటో వెళ్ళదు, నడిచే వెళ్ళాలి.